కరెంటు చట్టంలో ఏ సెక్షన్ ఏ తేదీ నుంచి అమల్లో ఉందో గెజిట్ చూసి తేల్చుకోవడం

పరకాల దగ్గర రైస్ మిల్లు నడిపే ఒకాయన అడిగిన ప్రశ్న ఇది: "చట్టం సవరించారంటారు, కొత్త రూల్ వచ్చిందంటారు, జీవో ఇచ్చారంటారు. మిల్లుకు నోటీసు వస్తే అందులో రాసిన సెక్షన్ ఆ రోజుకు నిజంగా అమల్లో ఉందో లేదో ఎట్లా తెలుసుకోవాలి? పార్లమెంటు పాస్ చేసిన రోజు లెక్కా, రాష్ట్రపతి సంతకం లెక్కా, గెజిట్ లెక్కా?"

చట్టం మొత్తానికి ఒకే తేదీ ఉంటుందనుకుంటే ఇక్కడే దారి తప్పుతాం. తేదీ ఒక్కో సెక్షన్‌కు వేరుగా ఉండవచ్చు. ఆ తేదీ ఎవరు నిర్ణయిస్తారో చట్టం మొదటి సెక్షన్‌లోనే రాసి ఉంటుంది. 2003 విద్యుత్ చట్టం తెరిచి సెక్షన్ 1(3) చదవండి. కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించే తేదీ నుంచి చట్టం అమల్లోకి వస్తుందని, వేర్వేరు సెక్షన్లకు వేర్వేరు తేదీలు పెట్టవచ్చని అక్కడుంది. "ఈ చట్టం అమల్లోకి వచ్చిన నాటి నుంచి" అని లోపల ఏ సెక్షన్‌లో కనిపించినా, దానికి ఆ సెక్షన్ అమల్లోకి వచ్చిన తేదీ అనే అర్థం తీసుకోవాలని కూడా అదే చోట చెప్పారు. గడువులు లెక్కపెట్టేటప్పుడు చాలామంది వకీళ్ళు కూడా ఈ చివరి ముక్క చూడరు.

ఆ చట్టం తేదీలనే వరసగా చూద్దాం. రాష్ట్రపతి ఆమోదం 2003 మే 26న. చట్టం పాఠం గెజిట్‌లో అచ్చయింది జూన్ 2న. అమల్లోకి వచ్చింది జూన్ 10న, ఎస్.ఓ. 669(ఇ) నంబరు నోటిఫికేషన్‌తో. ఆ నోటిఫికేషన్ కూడా 1 నుంచి 120 వరకు, 122 నుంచి 185 వరకు ఉన్న సెక్షన్లనే అమల్లోకి తెచ్చింది. మధ్యలో 121ని వదిలేశారు. కరెంటు రేట్లు, నియమాలు నిర్ణయించే రెగ్యులేటరీ కమిషన్ల మీద, వాటి ఉత్తర్వులపై అప్పీళ్ళు వినే అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు ఎంత అధికారం ఉండాలన్నదే ఆ సెక్షన్ విషయం. అదే ఏడాది సవరణ చట్టం తెచ్చి దాని పాఠాన్నే మార్చారు. కొత్త పాఠం 2004 జనవరి 27 నుంచి అమలయింది. అంటే 2003 డిసెంబరులో ఎవరైనా 121ని చూపించి వాదించి ఉంటే, పుస్తకంలో ఉన్నా అమల్లో లేని సెక్షన్‌ను చూపించినట్టే.

సంతకానికీ అమలుకూ మధ్య ఈ ఎడం ఎందుకంటే, చట్టం పని చేయాలంటే దాని చుట్టూ ఏర్పాట్లు కావాలి. అధికారులను నియమించాలి, రూల్స్ రాయాలి, పాత చట్టం కింద నడుస్తున్న సంస్థలకు దారి చూపాలి. అందుకే జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 22 ఒక వెసులుబాటు ఇచ్చింది. చట్టం పాసై ఇంకా అమల్లోకి రాకముందే దాని కింద రూల్స్ చేయవచ్చు, నియామకాలకు ఉత్తర్వులు ఇవ్వవచ్చు. కానీ అవి చట్టం అమల్లోకి వచ్చేదాకా పనిచేయవు. మొదటి సెక్షన్‌లో తేదీ ముచ్చటే లేకపోతే? కేంద్ర చట్టమైతే రాష్ట్రపతి ఆమోదం తెలిపిన రోజు నుంచే అమలు. రాష్ట్ర చట్టమైతే ఆమోదం తెలిపిన సంగతి గెజిట్‌లో మొదట అచ్చయిన రోజు నుంచి. ఈ తేడా గుర్తుంచుకోవాలి. విద్యుత్తు ఉమ్మడి జాబితాలో 38వ అంశం కాబట్టి కేంద్ర చట్టమూ రాష్ట్ర చట్టమూ రెండూ మీ మీటరు మీద పనిచేస్తుంటాయి.

ప్రభుత్వం తేదీ ప్రకటించకుండా ఏళ్ళ తరబడి ఊరుకుంటే ఏమవుతుందని కూడా అడుగుతుంటారు. ఆ సెక్షన్ పుస్తకంలోనే ఉండిపోతుంది. 1961 అడ్వొకేట్స్ చట్టంలోని సెక్షన్ 30 అమల్లోకి వచ్చింది 2011 జూన్ 15న, అంటే యాభై ఏళ్ళకు. ఫలానా తేదీకి అమలు చేసి తీరాలని ప్రభుత్వాన్ని ఆదేశించలేమని సుప్రీంకోర్టు 1981 డిసెంబరులో ఏ.కె. రాయ్ కేసులో చెప్పింది. ఆ అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ గురించే 1988లో వచ్చిన కేసులో, అమలు చేయాలా వద్దా అన్నది పరిశీలించమని మాత్రం ఆదేశించవచ్చంది. దగ్గరి ఉదాహరణ కావాలంటే 2024 జనవరి మొదట్లో లారీ, ట్యాంకర్ డ్రైవర్ల సమ్మెతో పెట్రోలు బంకుల ముందు క్యూలు కట్టిన సంగతి గుర్తు చేసుకోండి. ఐపీసీ స్థానంలో తెచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ప్రమాదం చేసి పారిపోయే డ్రైవర్లకు శిక్ష పెంచిన 106(2) మీద ఆ గొడవ. ఆ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లోకి తెస్తూ ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఆ ఒక్క ఉప సెక్షన్‌ను పక్కన పెట్టారు. చట్టం సవరించలేదు, రద్దు చేయలేదు. తేదీ ఇవ్వలేదు, అంతే.

తేదీ తెలిశాక ఆ రోజు ఎన్ని గంటల నుంచి అన్నది కూడా కొన్నిసార్లు తేల్చుకోవాల్సి వస్తుంది. సాధారణ సూత్రం ప్రకారం అంతకు ముందురోజు ముగిసిన క్షణం నుంచి, అంటే అర్ధరాత్రి నుంచి అమలు. 2003 చట్టం జూన్ 9 అర్ధరాత్రి దాటగానే మొదలైనట్టు. అయితే అదే రోజు సాయంత్రం వెలువడి అదే రోజు నుంచి భారం వేసే నోటిఫికేషన్ సంగతి వేరు. 2019 ఫిబ్రవరి 16న పాకిస్తాన్ సరుకుల మీద 200 శాతం సుంకం వేస్తూ ఇచ్చిన నోటిఫికేషన్ ఇ-గెజిట్‌లోకి ఎక్కింది రాత్రి 8 గంటల 46 నిమిషాల 58 సెకన్లకు. అంతకు ముందే ఆ రోజు కాగితాలు దాఖలు చేసిన దిగుమతిదారులకు ఆ సుంకం వర్తించదని సుప్రీంకోర్టు 2020లో చఠా రైస్ మిల్స్ కేసులో తేల్చింది. కాబట్టి ఇ-గెజిట్‌లో పీడీఎఫ్ చివర ఉండే డిజిటల్ సంతకం తేదీ, సమయం వదిలేయకండి. తనిఖీ జరిగిన రోజే రూలు మారినట్టు నోటీసులో కనిపిస్తే మీ కేసు ఆ సమయం మీదే ఆధారపడవచ్చు.

ప్రచురణకు ఇంత బరువు ఎందుకంటే, జనానికి తెలిసే వీలు లేని చట్టంతో ఎవరినీ శిక్షించకూడదు. నిజాం ఏలుబడిలో మన దగ్గర ఫర్మానాలు జరీదాలో, అంటే నిజాం ప్రభుత్వ గెజిట్‌లో, అచ్చయ్యేవి. జైపూర్ సంస్థానంలో మాత్రం మంత్రి మండలి తీర్మానంతో ఒక నల్లమందు చట్టం చేసి, ఎక్కడా ప్రకటించకుండా ఉంచారు. దాని కింద పడిన శిక్షను 1951లో హర్లా కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. రాజు మాటే చట్టమైన చోట కూడా ప్రకటించకపోతే అది చట్టం కాదన్న ఆ తీర్పు ఈనాటి విద్యుత్ రూల్స్‌కూ ఆధారం. 2015 అక్టోబరు 1 నుంచి కేంద్ర గెజిట్ కాగితం మీద అచ్చు ఆగిపోయి పూర్తిగా ఇ-గెజిట్ అయింది. కాబట్టి "గెజిట్ కాపీ దొరకలేదు" అనే మాటకు ఇప్పుడు తావులేదు.

గెజిట్ చదవడం ఇట్లా. కేంద్ర చట్టాల పాఠం రెండో భాగం సెక్షన్ 1లో వస్తుంది. అమలు తేదీ ప్రకటించే నోటిఫికేషన్లు రెండో భాగం సెక్షన్ 3లో, ఉప సెక్షన్ (ii)లో, ఎస్.ఓ. నంబరుతో. రూల్స్ అయితే అదే సెక్షన్ 3 ఉప సెక్షన్ (i)లో, జి.ఎస్.ఆర్. నంబరుతో. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, కేంద్ర రెగ్యులేటరీ కమిషన్ చేసే రెగ్యులేషన్లు మూడో భాగం సెక్షన్ 4లో. నంబరు పక్కన బ్రాకెట్‌లో "ఇ" ఉంటే అసాధారణ సంచిక అని గుర్తు. ఒకే కాగితం మీద రెండు తేదీలు కనిపిస్తాయి. తలకట్టు మీద, శక సంవత్సర తేదీతో కలిపి ఉండేది ప్రచురణ తేదీ. నోటిఫికేషన్ పాఠం పైన ఉండేది శాఖ సంతకం చేసిన తేదీ. "అధికారిక గెజిట్‌లో ప్రచురించిన తేదీ నుంచి" అని రాసి ఉంటే తలకట్టు తేదీయే లెక్క. తర్వాత అచ్చుతప్పుల సవరణ ఏమైనా వచ్చిందేమో కూడా వెతకాలి. అంకె ఒకటి మారితే సెక్షనే మారిపోతుంది. ఇండియా కోడ్ సైట్‌లోనూ, బజారులో దొరికే బేర్ యాక్టుల్లోనూ (వ్యాఖ్యలు లేకుండా చట్టం పాఠం మాత్రమే అచ్చేసిన పుస్తకాల్లో) అడుగున సన్నక్షరాల్లో అమలు తేదీ ఇస్తారు. దారి చూపడానికి అవి చాలు. మీ కేసు వినే అధికారి ముందో కోర్టు ముందో పెట్టాల్సింది మాత్రం గెజిట్టే.

ఇక రద్దయిన చట్టాల సంగతి. ఎక్కువ గందరగోళం ఇక్కడే. 2003 చట్టం సెక్షన్ 185 మూడు చట్టాలను రద్దు చేసింది: 1910 విద్యుత్ చట్టం, 1948 సరఫరా చట్టం, 1998 రెగ్యులేటరీ కమిషన్ల చట్టం. కానీ తల్లి పోయినా పిల్ల బతికింది. 1910 చట్టం కింద చేసిన 1956 ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్, కొత్త భద్రతా రెగ్యులేషన్లు వచ్చేదాకా కొనసాగుతాయని 185(2)(సి)లో రాశారు. ఆ రెగ్యులేషన్లు వచ్చింది 2010 సెప్టెంబరులో. అంటే చట్టం రద్దయ్యాక మరో ఏడేళ్ళు 1956 రూల్సే లైన్ ఎత్తుకూ, ఎర్తింగ్‌కూ కొలమానం. 2010 వాటి స్థానంలో 2023 జూన్‌లో కొత్తవి వచ్చాయి. కరెంటు షాక్‌తో మనిషో గొడ్డో చనిపోయిన కేసుల్లో, లైన్ కండక్టర్ ఎత్తు ఎంత ఉండాలన్నది ప్రమాదం జరిగిన తేదీని బట్టి ఈ మూడింటిలో ఒకదానితో తేల్చాలి. పరిహారం దావాలో తప్పు రూలు చూపిస్తే అవతలి పక్షం దానినే పట్టుకుంటుంది.

అదే 185లో మూడో ఉప సెక్షన్ మన తెలంగాణకు ముఖ్యం. షెడ్యూల్‌లో పేర్కొన్న రాష్ట్ర సంస్కరణ చట్టాలు, కేంద్ర చట్టానికి విరుద్ధం కానంత మేరకు, కొనసాగుతాయి. అందులో 1998 ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం ఉంది. అది 1999 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. రాష్ట్ర విద్యుత్ బోర్డు ఆ రోజే ట్రాన్స్‌కో (ప్రసారం), జెన్‌కో (ఉత్పత్తి)లుగా విడిపోయింది. పంపిణీ సంస్థలు 2000 ఏప్రిల్‌లో వేరయ్యాయి, వరంగల్ కేంద్రంగా ఉత్తర ప్రాంత పంపిణీ సంస్థ ఎన్పీడీసీఎల్ పుట్టింది అప్పుడే. కేంద్ర చట్టం అమలు మీద రాష్ట్రాలకు ఒక చిన్న తలుపు కూడా తెరిచి పెట్టారు. సెక్షన్ 172(డి) కింద, నియమిత తేదీ నుంచి ఆరు నెలలు మించకుండా, చట్టంలోని నిబంధనలు తమ రాష్ట్రంలో వర్తించవని రాష్ట్ర ప్రభుత్వం అప్పట్లో నోటిఫై చేయగలిగేది. అమలులో చిక్కులు తొలగించే ఉత్తర్వులకు సెక్షన్ 183 ఇచ్చిన గడువు రెండేళ్ళే. కేంద్రం అలాంటి ఉత్తర్వులు కొన్ని ఆ గడువు ముగియడానికి ఒకటి రెండు రోజుల ముందు, 2005 జూన్ రెండో వారంలో ఇచ్చింది. గడువు దాటాక వచ్చిన ఉత్తర్వు ఎవరైనా చూపిస్తే ప్రశ్నించవచ్చు.

రాష్ట్రం విడిపోయినప్పుడు ఏమైంది? 2014 మార్చి 4 నోటిఫికేషన్ 2014 జూన్ 2ను నియమిత దినంగా ప్రకటించింది. పునర్వ్యవస్థీకరణ చట్టం సెక్షన్ 100 ప్రకారం అంతకు ముందున్న చట్టాలన్నీ, మన శాసనసభ మార్చేదాకా, యథాతథంగా కొనసాగాయి. సెక్షన్ 101 పేర్లూ మాటలూ మార్చుకోవడానికి రెండేళ్ళు ఇచ్చింది. తెలంగాణ లా డిపార్ట్‌మెంట్ ఆ అనుసరణ ఉత్తర్వు, జీవో ఎం.ఎస్. నం. 45, ఇచ్చింది 2016 జూన్ 1న, సరిగ్గా గడువు చివరి రోజున. విద్యుత్ కమిషన్ విషయంలో పన్నెండో షెడ్యూల్ ఆరు నెలల వరకు పాత కమిషన్‌నే ఉమ్మడిగా నడపమంది. తెలంగాణ కమిషన్ ఏర్పడ్డాక 2014 చివర్లో మొదటి రెగ్యులేషన్‌తోనే పాత కమిషన్ రెగ్యులేషన్లను, ఉత్తర్వులను తనవిగా తీసుకుంది. అందుకే 2004లో అప్పటి ఏపీ కమిషన్ చేసిన సప్లై కోడ్ (కరెంటు సరఫరా నియమావళి) మీ నోటీసులో కనిపిస్తే, అది వేరే రాష్ట్రానిదని కొట్టిపారేయకండి. ఆ తర్వాత తెలంగాణ కమిషన్ దాన్ని సవరించిందా అన్నది మాత్రం చూడండి.

తేదీ డబ్బు మీద ఎట్లా పడుతుందో 2007 సవరణతో బాగా తెలుస్తుంది. అది అమల్లోకి వచ్చింది 2007 జూన్ 15న. అనధికార వినియోగానికి సెక్షన్ 126 కింద వేసే మొత్తం అంతవరకు టారిఫ్‌కు ఒకటిన్నర రెట్లు, ఆనాటి నుంచి రెండు రెట్లు. అప్పీలు చేయాలంటే ముందుగా కట్టాల్సింది అంతవరకు మూడో వంతు, తర్వాత సగం. లక్ష రూపాయల మామూలు టారిఫ్ విలువ ఉన్న వాడకం తీసుకోండి. పాత లెక్కలో లక్షా యాభై వేలు వేసి, అప్పీలుకు యాభై వేలు కట్టమంటారు. కొత్త లెక్కలో రెండు లక్షలు, అప్పీలుకు లక్ష. ఒకే వాడకానికి కేవలం తేదీ తేడాతో చేతిలోంచి ముందే పోయే సొమ్ము రెట్టింపయింది. విద్యుత్ చౌర్యం లాంటి నేరాలకైతే రాజ్యాంగం 20(1) అధికరణమే అడ్డు: నేరం జరిగిన నాటికి అమల్లో ఉన్న చట్టం కన్నా ఎక్కువ శిక్ష వేయరాదు. 2003 జూన్ 10కి ముందు జరిగిన చౌర్యం కేసులు పాత చట్టం కిందే నడవడానికి కారణం, రద్దు వల్ల పాత బాధ్యతలు పోవని చెప్పే జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 6. దాన్ని 185(5) ప్రత్యేకంగా నిలబెట్టింది.

చట్టం కింద రూల్స్, రూల్స్ పక్కన కమిషన్ రెగ్యులేషన్లు. ఈ పొరలకు ఒక్కోదానికి ఒక్కో తేదీ. కొత్త కనెక్షన్ ఎన్ని రోజుల్లో ఇవ్వాలన్నది చూడండి. చట్టం సెక్షన్ 43 నెల రోజులంది. 2020 డిసెంబరు 31న నోటిఫై అయిన వినియోగదారుల హక్కుల రూల్స్ మహానగరాల్లో 7, మున్సిపాలిటీల్లో 15, పల్లెల్లో 30 రోజులకు మించరాదన్నాయి. 2024 ఫిబ్రవరి సవరణ వాటిని 3, 7, 15కు తగ్గించింది. పల్లెల్లో కొండ ప్రాంతాలకు 30 ఉంచింది. ఇవి గరిష్ఠ పరిమితులు, ఆ లోపల రోజులు పెట్టాల్సింది రాష్ట్ర కమిషన్. లైన్ పొడిగించాల్సిన చోట, సబ్‌స్టేషన్ కట్టాల్సిన చోట లెక్క వేరు. మీ దరఖాస్తు తేదీ 2024 ఫిబ్రవరికి ముందుదా తర్వాతదా అన్నది మొదట తేల్చి, ఆ తర్వాత ఆలస్యం లెక్క కట్టండి. అదే విధంగా అవే రూల్స్‌కు చేసిన 2023 జూన్ సవరణ పది కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్ 1 లోపు పూట వారీ టారిఫ్ తేవాలంది. అయినా బిల్లులో ఫలానా గంటకు ఫలానా రేటు పడాలంటే ఆ అంకె కమిషన్ టారిఫ్ ఉత్తర్వులో ఉండాలి. అమలు తేదీ కూడా ఆ ఉత్తర్వులోనే ఉంటుంది.

జీవోలు, మంత్రివర్గ నిర్ణయాలు, విలేకరుల సమావేశంలో చెప్పిన మాటలు వేరే కోవకు చెందుతాయి. వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు, 2024 మార్చి నుంచి 200 యూనిట్ల వరకు గృహజ్యోతి సున్నా బిల్లు, ఇవి రాష్ట్ర సర్కారు విధాన నిర్ణయాలు. వీటికి చట్టంలో ఆధారం సెక్షన్ 65: ఎవరికైనా టారిఫ్‌లో సబ్సిడీ ఇవ్వాలంటే ఆ సొమ్ము ప్రభుత్వం డిస్కమ్‌కు, అంటే పంపిణీ సంస్థకు, ముందుగా చెల్లించాలి. జీవో మారితే పథకం మారుతుంది, సెక్షన్ మారదు. డిస్కమ్ లోపలి మెమోలు, సర్క్యులర్లు అయితే సిబ్బందికి ఆదేశాలు మాత్రమే. వినియోగదారుడి మీద కొత్త భారం వేయాలంటే కమిషన్ ఆమోదం చూపించాలి.

ముసాయిదాలు మరీ మోసం చేస్తాయి. సెక్షన్ 181(3) ప్రకారం రాష్ట్ర కమిషన్ రెగ్యులేషన్లకు ముందస్తు ప్రచురణ తప్పనిసరి. ఆ ముసాయిదా నిజమైనదానిలాగే నంబర్లు, పేరాలతో ఉంటుంది. అభ్యంతరాలు ఫలానా తేదీలోగా పంపమన్న వాక్యం ఉందంటే అది ఇంకా చట్టం కాదు. మీ అభ్యంతరం రాయడానికి అది మంచి అవకాశం, వదులుకోవద్దు. బిల్లుల సంగతీ అంతే. 2022 ఆగస్టు 8న లోక్‌సభలో పెట్టిన విద్యుత్ సవరణ బిల్లు మీద ఊరూరా చర్చ జరిగింది. అది స్థాయీ సంఘానికి వెళ్ళి, 2024లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. దానిలోని క్లాజులను ఇప్పటికీ చట్టంగా చూపిస్తూ వాట్సాప్‌లో తిరుగుతున్న కాగితాలు నమ్మకండి.

మీకు 126 నోటీసు వస్తే మొదట తనిఖీ తేదీ రాసుకోండి. ఆ తేదీకి సెక్షన్ ఏ పాఠంతో ఉందో పైన చెప్పినట్టు గెజిట్‌లో చూడండి. తర్వాత, సంతకం చేసిన అధికారిని అసెస్సింగ్ ఆఫీసర్‌గా (కట్టాల్సిన మొత్తం లెక్కగట్టే అధికారిగా) రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉత్తర్వు అడగండి. ఆ హోదా చట్టం ప్రకారం ప్రభుత్వం ఇవ్వాలి, ఏడీఈ, డీఈ లాంటి ఇంజనీరు అయినంత మాత్రాన రాదు. ఇవ్వకపోతే హనుమకొండ నక్కలగుట్టలోని ఎన్పీడీసీఎల్ కార్పొరేట్ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. అయితే దాని కోసం ఆగి అసలు గడువులు పోగొట్టుకోకూడదు. తాత్కాలిక అసెస్‌మెంట్ ఉత్తర్వు అందగానే రాతపూర్వక అభ్యంతరం వేయాలి. ఒప్పుకుని కట్టేవారికైతే ఏడు రోజులు. తుది ఉత్తర్వు తాత్కాలిక ఉత్తర్వు అందిన 30 రోజుల్లో రావాలి. దాని మీద సెక్షన్ 127 అప్పీలుకు మళ్ళీ 30 రోజులు, సగం సొమ్ము కట్టిన రసీదుతో. కట్టకుండా వదిలేస్తే తుది ఉత్తర్వు నుంచి 30 రోజుల తర్వాత ఏడాదికి 16 శాతం వడ్డీ, ఆరు నెలలకోసారి చక్రవడ్డీ. 126 కేసులను వినియోగదారుల ఫిర్యాదుల ఫోరమ్ తీసుకోదు, సివిల్ కోర్టును సెక్షన్ 145 అడ్డుకుంటుంది. కాబట్టి తేదీ గురించిన మీ వాదన, గెజిట్ ప్రతితో సహా, మొదటి అభ్యంతర పత్రంలోనే ఉండాలి.